ఒంటరిగా తొలి సముద్ర క్రూయిజ్: హైదరాబాద్ నుంచి బయలుదేరేవాళ్లకు అంచెలంచెలుగా

క్రూయిజ్‌కి ఒక్కరే వెళ్లొచ్చా, బుకింగ్ దగ్గర ఇద్దరి డబ్బులు ఎందుకు అడుగుతున్నారు, ముంబైలో ఎక్కాలా సింగపూర్‌లోనా? ఈ మూడూ మన హైదరాబాద్ వాళ్లు నన్ను అడుగుతూనే ఉన్నారు, కాబట్టి తెలిసినదంతా వరసగా రాస్తున్నాను.

వెళ్లొచ్చు, నిశ్చింతగా వెళ్లొచ్చు. గది, భోజనం, ప్రయాణం అన్నీ ఒకేచోట ఉంటాయి, రోజుకో హోటల్ వెతుక్కునే పని లేదు. కాకపోతే తోడు వచ్చిన మనిషి మనకు తెలియకుండానే కొన్ని పనులు చేస్తుంటారు. టైమ్ గుర్తుచేస్తారు, ఒంట్లో బాగోకపోతే డాక్టర్‌ని పిలుస్తారు, పాస్‌పోర్ట్ పెట్టుకున్నావా అని రెండోసారి అడుగుతారు. ఒక్కరే వెళ్తున్నప్పుడు ఈ పనులన్నిటికీ ఇంట్లో ఉండగానే ఏర్పాటు చేసుకోవాలి.

1. ముందు ఏ రేవు నుంచో తేల్చుకోండి

హైదరాబాద్‌కి సముద్రం లేదు, ఎలాగూ ఇంకో ఊరు వెళ్లే ఎక్కాలి. తొలిసారికి నేను చెప్పే దారులు రెండే.

ముంబై: కార్డేలియా క్రూయిజెస్ వాళ్ల ఎంప్రెస్ ఓడ ఇక్కడి నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు వెళ్తుంది. దేశం దాటదు కాబట్టి వీసా అక్కర్లేదు, ప్రభుత్వ గుర్తింపు కార్డు చాలు. నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు తెల్లారేసరికి ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దిగుతారు, టెర్మినల్ ఉన్న బల్లార్డ్ పియర్ అక్కడికి టాక్సీలో కాసేపే. ఇదే ఓడ సీజన్‌ని బట్టి చెన్నై, విశాఖ వైపు కూడా వస్తుంటుంది, ఆ తేదీలు ఏడాదికేడాది మారతాయి కాబట్టి బుక్ చేసే ముందు ఆ ఏడాది షెడ్యూల్ చూడండి.

సింగపూర్: శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, సుమారు నాలుగున్నర గంటలు. అక్కడి నుంచి మలేషియాలోని పెనాంగ్, పోర్ట్ క్లాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ మీదుగా మూడు నాలుగు రాత్రుల ప్రయాణాలు చాలా ఉంటాయి. ఓడలు పెద్దవి, దారిలో వచ్చే మలక్కా జలసంధికి ఒకవైపు సుమత్రా అడ్డుగా ఉండటంతో నీళ్లు చాలావరకు నెమ్మదిగా ఉంటాయి.

పాస్‌పోర్ట్ లేకపోయినా, అసలు సముద్రం మనకు పడుతుందో లేదో చూద్దామనుకున్నా ముంబై నుంచి రెండు మూడు రాత్రులు చాలు. పాస్‌పోర్ట్ ఉండి, చేతిలో నాలుగు డబ్బులుంటే సింగపూర్ మేలు. ఒంటరిగా దిగి తిరగడానికి పెనాంగ్ అంత తేలికైన రేవు ఇంకోటి చెప్పలేను. ఓడ దిగిన స్వెటెన్‌హామ్ పియర్ నుంచి జార్జ్‌టౌన్ పాతబస్తీకి, అక్కడి లిటిల్ ఇండియాకి నడిచి వెళ్లిపోవచ్చు.

తొలిసారే ఏడు రాత్రులు మాత్రం వద్దు. పడకపోతే మధ్యలో దిగిపోవడం చాలా ఖర్చు, చాలా తలనొప్పి.

2. నెల

అరేబియా సముద్రం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలపు అలలతో గట్టిగా ఊగుతుంది. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య వస్తాయి. ముంబై వైపు అయితే నవంబర్ చివరి నుంచి మార్చి దాకా బాగుంటుంది. దసరా, సంక్రాంతి సెలవుల్లో, ఎండాకాలం సెలవుల్లో ఓడలు కుటుంబాలతో కిక్కిరిసిపోతాయి, రేట్లూ పైనే ఉంటాయి. ఒక్కరే కాబట్టి సెలవులు లేని వారం, అందులోనూ శని ఆదివారాలు కలవని తేదీలు చూసుకోండి.

3. క్యాబిన్, ఇద్దరి ఛార్జీ

అందరూ తడబడేది ఇక్కడే, కొంచెం నిదానంగా చదవండి.

ప్రకటనలో కనిపించే ధర ఒక క్యాబిన్‌లో ఇద్దరుంటే ఒక్కో మనిషికి పడే ధర. క్యాబిన్ మొత్తం ఒక్కరే తీసుకుంటే రెండో మనిషి ధర కూడా, పూర్తిగానో కొంతో, మీ మీదే పడుతుంది. దీన్నే సింగిల్ సప్లిమెంట్ అంటారు. ఉదాహరణకు ప్రకటనలో మనిషికి 25,000 అని ఉంటే ఒక్కరికి 50,000 దాకా రావచ్చు. అయితే పోర్ట్ ఛార్జీలు, పన్నులు, టిప్పులు మామూలుగా మనిషిని బట్టి వేస్తారు, అవి ఒక్కరికే పడాలి. బిల్లులో అవి కూడా రెండింతలు కనిపిస్తే ఎందుకో అడగండి.

ఒక్కరి కోసమే కట్టిన చిన్న క్యాబిన్లు కొన్ని కంపెనీల ఓడల్లో ఉన్నాయి. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ వాళ్లు 2010లో ఎపిక్ ఓడతో స్టూడియో క్యాబిన్లు పెట్టారు, తర్వాత మిగతా కంపెనీలూ కొన్ని ఓడల్లో మొదలుపెట్టాయి. ఓడ మొత్తంలో అవి కొన్నే ఉంటాయి, త్వరగా అయిపోతాయి. ఇంకో సంగతి, మామూలు ఇన్‌సైడ్ (కిటికీ లేని) క్యాబిన్‌కి ఇద్దరి ఛార్జీ కట్టినా స్టూడియో కంటే తక్కువకే వచ్చే సందర్భాలున్నాయి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఖర్చు తగ్గుతుందని తెలియని మనిషితో క్యాబిన్ పంచుకోమని కొందరు ఏజెంట్లు చెప్తారు. తొలిసారికి ఒప్పుకోకండి. గదిలో తలుపు గడియ వేసుకుని నిశ్చింతగా పడుకోగలగడం ఒంటరి ప్రయాణంలో చాలా పెద్ద విషయం.

క్యాబిన్ ఎక్కడ ఉండాలంటే: కింది డెక్ (అంతస్తు), ఓడ పొడవులో మధ్యభాగం. ఊపు తక్కువ తెలిసేది అక్కడే. డెక్ ప్లాన్ తెరిచి పైన, కింద ఏముందో చూడండి. పైన స్విమ్మింగ్ పూల్ డెక్ ఉంటే తెల్లవారుజామునే కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద థియేటరో క్లబ్బో ఉంటే అర్ధరాత్రి దాకా డప్పులు. రెండు గదుల మధ్య తలుపు ఉన్న క్యాబిన్ వద్దనండి, పక్కగది మాటలన్నీ వినపడతాయి.

బాల్కనీ కావాలా? రెండు మూడు రాత్రులకు, అదీ ఇద్దరి ఛార్జీతో, అవసరం లేదనే అంటాను. ఆ డబ్బు రేవుల్లో తిరగడానికి పెట్టుకోండి. కిటికీ లేని గదిలో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు మాత్రం ఓషన్‌వ్యూ, అంటే సముద్రం కనిపించే కిటికీ ఉన్న గది, తీసుకోవాలి.

బుక్ చేసే ముందు ఏజెంట్‌ని అడగాల్సినవి:

- ఒక్కరికి అన్నీ కలిపి, పన్నులతో సహా ఎంత?
- టిప్పులు ఇందులో ఉన్నాయా, ఓడ మీద విడిగా వసూలు చేస్తారా? విదేశీ ఓడల్లో రోజుకు మనిషికి 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది.
- క్యాబిన్ నంబర్ ఇప్పుడే ఇస్తారా, తర్వాత వాళ్లే కేటాయిస్తారా? వాళ్లే కేటాయించేదైతే ధర తగ్గుతుంది కానీ చోటు మన చేతిలో ఉండదు.
- రద్దు చేసుకుంటే ఏ తేదీకి ఎంత కోత?

విదేశీ ప్యాకేజీకి టీసీఎస్ (కొనేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) కూడా పట్టుకుంటారు. అది పోయిన డబ్బేం కాదు, ఐటీ రిటర్న్‌లో చూపించుకోవచ్చు, రసీదు దాచుకోండి.

4. కాగితాలు

పాస్‌పోర్ట్‌కి తిరిగొచ్చే తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. లేకపోతే ముందు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో స్లాట్ తీసుకోండి, పోలీసు వెరిఫికేషన్‌కి కూడా టైమ్ వదిలి, ఆ తర్వాతే క్రూయిజ్‌కి డబ్బు కట్టండి.

సింగపూర్‌కి మనవాళ్లకు వీసా కావాలి, అధీకృత ఏజెంట్ల ద్వారా ఆన్‌లైన్‌లో వస్తుంది. ఓడెక్కడమంటే సింగపూర్ దాటి వెళ్లి మళ్లీ రావడం, కాబట్టి వీసా మీద ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశం ఉందో లేదో మీ కళ్లతో మీరు చూసుకోండి. అరైవల్ కార్డ్ (ఆ దేశంలోకి వస్తున్నామని ఆన్‌లైన్‌లో నింపే ఫారం) దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి, అది ఉచితం. డబ్బడిగే సైట్ కనిపిస్తే మూసేయండి. ఓడలో తిరిగొచ్చేటప్పుడు కూడా మళ్లీ నింపాలి.

మలేషియా, థాయ్‌లాండ్ నిబంధనలు తరచూ మారుతుంటాయి. వాటికీ ఆన్‌లైన్ అరైవల్ కార్డులున్నాయి. ఓడ దిగకుండా లోపలే ఉంటానన్నా సరే, దారిలోని దేశాలన్నిటి కాగితాలు ఎక్కేటప్పుడే చూపించమని కంపెనీ అడగొచ్చు. బుకింగ్‌కి ముందొకసారి, వారం ముందు ఇంకోసారి అధికారిక సైట్లు చూడండి.

ఇన్సూరెన్స్ మానొద్దు. ఓడలో డాక్టర్ ఉంటారు కానీ చూసిన ప్రతిసారీ బిల్లు వేస్తారు, విదేశీ ఓడల్లో అది డాలర్లలో ఉంటుంది. పాలసీలో క్రూయిజ్ వర్తిస్తుందా, ఓడ నుంచి ఒడ్డు ఆస్పత్రికి తరలించే ఖర్చు ఉందా అనే రెండు లైన్లు వెతికి చదవండి.

5. ఇంట్లోవాళ్లకు ఒక కాగితం

"ఒక్కదానివే సముద్రం మీదా?" అని అమ్మ అడుగుతుంది. మగపిల్లలైనా తప్పించుకోలేరు. వాదన పెట్టుకోకుండా ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించండి, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

అందులో ఉండాల్సినవి:

- ఓడ పేరు, కంపెనీ ఫోన్ నంబర్, బుకింగ్ నంబర్
- ఏ రోజు ఏ రేవు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా
- ఇన్సూరెన్స్ పాలసీ నంబర్, వాళ్ల ఎమర్జెన్సీ నంబర్
- పాస్‌పోర్ట్, వీసా జిరాక్స్

ఇంకో మాట గట్టిగా చెప్పండి: "సముద్రం మధ్యలో సిగ్నల్ ఉండదు, ఫోన్ కలవకపోతే కంగారుపడకండి, రేవు చేరగానే నేనే చేస్తాను." ఈ ముక్క చెప్పకుండా వెళ్తే మొదటి రాత్రే ఇంట్లో నిద్రలుండవు.

6. డబ్బు, ఫోన్

ఓడ మీద నోట్లు పెద్దగా నడవవు. ఎక్కేటప్పుడు ఒక కార్డు ఇస్తారు, గది తాళమూ అదే, ఖర్చులు రాసుకునేదీ అదే. దానికి మీ క్రెడిట్ కార్డు జతచేయాలి. డెబిట్ కార్డో ఫారెక్స్ కార్డో ఇస్తే కొంత సొమ్ము ముందే ఆపి ఉంచుతారు, అది వెనక్కి రావడానికి రోజులు పడుతుంది, ఈలోగా రేవులో ఖర్చుకు డబ్బు చాలదు. బ్యాంక్ యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోండి, చాలా కార్డుల్లో అది ఆఫ్‌లో ఉంటుంది. యూపీఐ ఒక్కటే నమ్ముకుని బయలుదేరకండి.

రెండు కార్డులు, రెండు వేర్వేరు చోట్ల. ఒకటి పోతే అప్పిచ్చే మనిషి పక్కన లేరు.

ఓడ రేవు దాటేలోపే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేదంటే ఓడ మీది శాటిలైట్ నెట్‌వర్క్ దానంతటదే పట్టుకుని బిల్లు బాదేస్తుంది. వైఫై ప్యాకేజీ కావాలంటే ఎక్కకముందు యాప్‌లో కొంటే సాధారణంగా చవక.

7. సామాను

పెద్ద పెట్టె టెర్మినల్‌లో ఇచ్చేస్తాం, అది గది తలుపు దగ్గరికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. అందుకని చేతిసంచే ముఖ్యం.

చేతిసంచిలో:

- పాస్‌పోర్ట్, ప్రింట్ తీసిన టికెట్, వీసా, ఒక సెట్ జిరాక్స్, పాస్‌పోర్ట్ ఫోటోలు
- రోజూ వేసుకునే మందులు, ప్రిస్క్రిప్షన్‌తో
- ఛార్జర్, పవర్‌బ్యాంక్, యూనివర్సల్ అడాప్టర్
- ఒక జత బట్టలు, స్విమ్మింగ్ చేయాలనుకుంటే ఆ బట్టలు కూడా

పెద్ద పెట్టెలో పలచటి స్వెటర్, జారని చెప్పులు, ఒక మంచి జత బట్టలు, బట్టలు తగిలించుకోవడానికి అయస్కాంతం కొక్కేలు రెండు మూడు. క్యాబిన్ గోడలు చాలావరకు ఇనుప రేకువి కాబట్టి కొక్కేలు బాగా పనికొస్తాయి, గది చిన్నది, కుర్చీ ఒక్కటే ఉంటుంది.

తీసుకెళ్లకూడనివి: ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. మంటల భయంతో వీటిని స్కానింగ్‌లోనే తీసేసుకుంటారు. ఇంట్లో వండిన తిండిని కూడా ఓడల వాళ్లు సాధారణంగా ఒప్పుకోరు, సీల్ వేసిన ప్యాకెట్లయితే ఫరవాలేదు.

మనవాళ్లు ముఖ్యంగా చూసుకోవాల్సింది గసగసాలు. సింగపూర్‌లో అవి నిషిద్ధం. అమ్మ ఇచ్చిన మసాలా పొడిలో గసగసాలు కలిసి ఉంటే ఆ పొట్లం ఇంట్లోనే పెట్టేయండి. చూయింగ్ గమ్, వేప్ (ఈ-సిగరెట్) కూడా అంతే.

8. కడుపులో తిప్పితే

అవోమిన్ లాంటి మాత్ర ఊపు మొదలవక ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక పెద్దగా పనిచేయదు. అది మత్తుగా నిద్ర తెప్పిస్తుంది. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లకు కొన్ని మాత్రలు పడవు. అందుకే వెళ్లే ముందు డాక్టర్‌ని అడిగి, ఇంట్లో సెలవు రోజున ఒకసారి వేసుకుని చూడండి. ఎంత మత్తొస్తుందో పక్కన ఎవరూ లేని గదిలో మొదటిసారి తెలుసుకోవడం మంచిది కాదు. మాత్ర వేసుకున్న రోజు మద్యం ముట్టొద్దు.

తిప్పుతున్నప్పుడు గదిలోనే ఉండిపోతే కొందరికి ఇంకా ఎక్కువవుతుంది. మధ్య డెక్ మీదికి వచ్చి దూరంగా ఆకాశం, సముద్రం కలిసే గీత చూస్తూ నిలబడండి. ఖాళీ కడుపుతో ఉండకండి, బిస్కెట్లు, అల్లం, ఆకుపచ్చ యాపిల్ కొంచెం కొంచెం తినండి.

9. ఎక్కే రోజు

ముందు రోజే ఆ ఊళ్లో ఉండండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. రైలైనా అంతే, ఓడ రోజు పొద్దున దిగేలా కాకుండా దానికి ముందురోజు దిగేలా చూసుకోండి.

సింగపూర్‌లో టెర్మినళ్లు రెండున్నాయి, ఒకటి మరీనా బే క్రూయిజ్ సెంటర్, ఇంకోటి హార్బర్‌ఫ్రంట్ దగ్గరున్న సింగపూర్ క్రూయిజ్ సెంటర్. టాక్సీ అతనికి "క్రూయిజ్ సెంటర్" అని మాత్రమే చెప్తే పొరపాటు జరగొచ్చు, టికెట్ మీద పేరు చూపించండి. మెట్రోలో వెళ్తే మొదటిదానికి మరీనా సౌత్ పియర్ స్టేషన్.

వరస ఇలా పెట్టుకోండి:

1. ఇంట్లోనే వెబ్ చెక్-ఇన్, బోర్డింగ్ స్లాట్ తీసుకోవడం.
2. పెట్టెకి క్యాబిన్ నంబర్ ట్యాగ్ గట్టిగా కట్టి అప్పగించడం.
3. సెక్యూరిటీ, ఇమిగ్రేషన్, కార్డు తీసుకోవడం. కొన్ని ఓడల్లో పాస్‌పోర్ట్ వాళ్లే ఉంచుకుంటారు, అది మామూలే, రసీదు గానీ వివరం గానీ అడగండి.
4. ఎక్కగానే బఫే వైపు పరుగెత్తకుండా మీ మస్టర్ స్టేషన్ (ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటు) ఎక్కడో చూసి రావడం. నంబర్ కార్డు మీద ఉంటుంది.
5. సేఫ్టీ డ్రిల్ పూర్తిచేయడం. ఏడు చిన్న కూతలు, తర్వాత ఒక పొడవు కూత వినపడితే ప్రమాద సంకేతం. గది నుంచి అక్కడికి మెట్ల దారిలో ఒకసారి నడిచి చూడండి, ప్రమాదంలో లిఫ్టులు వాడకూడదు.
6. ఆ తర్వాత తినడం.

10. ఓడలో ఒక్కరే

డైనింగ్ రూమ్‌లో మొదటి రాత్రే చెప్పండి, నలుగురు కూర్చునే టేబుల్ కావాలని. ఇష్టం లేకపోతే ఒక్కరికే టేబుల్ అడిగినా ఇస్తారు, ఎవరూ వింతగా చూడరు. చూసేది మన తెలుగు కుటుంబాలే. "అయ్యో, ఒక్కరే వచ్చారా అండీ?" అని తప్పకుండా అడుగుతారు, అందులో చెడు ఉద్దేశం ఉండదు. నవ్వి "అవునండీ" అంటే చాలు, మర్నాడు మధ్యాహ్నానికి మీరు వాళ్ల పిల్లలతో క్యారమ్స్ ఆడుతుంటారు. రోజూ సాయంత్రం మర్నాటి కార్యక్రమాల పట్టిక వస్తుంది, అందులో ఒంటరి ప్రయాణికుల కలయిక ఉంటే మొదటి రోజే వెళ్లండి, రెండో రోజుకి గుంపులు కట్టేసి ఉంటారు.

భద్రత విషయంలో, ముఖ్యంగా ఆడవాళ్లకు:

- క్యాబిన్ నంబర్ ఎవరికీ చెప్పొద్దు, నంబర్ రాసిన కవర్ చేత్తో పట్టుకు తిరగొద్దు.
- తలుపు కొడితే కన్నంలోంచి చూశాకే తీయాలి.
- తాగే గ్లాసు వదిలి వెళ్లొద్దు.
- రాత్రి ఒంట్లో బాగోకపోతే తెల్లారేదాకా ఓర్చుకోవద్దు. గదిలోని ఫోన్ మీద ఎమర్జెన్సీ నంబర్ రాసి ఉంటుంది, మొదటి రోజే చూసి పెట్టుకోండి.
- మీ గది సర్దే రూమ్ స్టీవార్డ్‌ని పేరు పెట్టి పలకరించండి. మీరు కనిపించకపోతే ముందు గమనించేది ఆయనే.

తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఓడల్లో పాకే వాంతులు-విరేచనాల వైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచేయదు.

11. రేవులో దిగే రోజు

ఒంటరివాళ్లకు అసలు పరీక్ష ఇదే. ఓడవాళ్ల టూర్‌లో వెళ్తే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు, తర్వాతి రేవుకి మీ ఖర్చుతో మీరే వెళ్లాలి.

కాబట్టి ఒక లెక్క పెట్టుకోండి. రేవు ఊరి మధ్యలో ఉంటే, పెనాంగ్ లాగా, సొంతంగా తిరగండి. ఊరు గంట పైన దూరముంటే, పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ లాగా, ఓడవాళ్ల టూర్ తీసుకోండి, ట్రాఫిక్‌తో పందెం వద్దు.

టైమ్ దగ్గర జాగ్రత్త. సింగపూర్, మలేషియా మనకంటే రెండున్నర గంటలు ముందు, థాయ్‌లాండ్ గంటన్నర ముందు. ఫుకెట్‌లో దిగగానే ఫోన్ గంట వెనక్కి మారిపోతుంది, ఓడ మాత్రం తన టైమ్‌లోనే ఉండొచ్చు. మామూలు చేతిగడియారం ఒకటి ఓడ టైమ్‌కి పెట్టుకుని దాన్నే నమ్మండి.

దిగే ముందు:

- తిరిగి ఎక్కాల్సిన టైమ్ ఫోటో తీసుకోవడం. ఓడ బయలుదేరే టైమ్, అందరూ ఎక్కాల్సిన టైమ్ ఒకటి కాదు.
- దానికి గంటన్నర ముందు అలారం.
- ఓడ కార్డు, గుర్తింపు కార్డు, పాస్‌పోర్ట్ ఫోటో, రేవు ఏజెంట్ (ఆ ఊళ్లో ఓడ కంపెనీ తరఫు మనిషి) ఫోన్ నంబర్. ఇది రోజువారీ పట్టికలో ఉంటుంది.
- ఎక్కడికి వెళ్తున్నారో ఇంటికి ఒక మెసేజ్.

లక్షద్వీప్‌లో, కొన్నిసార్లు ఫుకెట్‌లో, ఓడ దూరంగా నిలబడి చిన్న పడవల్లో దింపుతారు. అలలుంటే ఆ దింపడమే రద్దవుతుంది. ఆ రోజు కోసం ముందే డబ్బు కట్టేసిన బయటి టూర్లు పెట్టుకోకండి.

12. చివరి రాత్రి, దిగడం

రాత్రి భోజనానికి ముందే యాప్‌లో బిల్లు చూడండి. తప్పులుంటే అప్పుడే కౌంటర్‌కి వెళ్లాలి, మర్నాడు పొద్దున క్యూ చాలా పొడవుంటుంది.

పెద్ద పెట్టెని రాత్రి తలుపు బయట పెట్టమంటారు. మర్నాటి బట్టలు, చెప్పులు, పాస్‌పోర్ట్, మందులు పెట్టెలో వెళ్లిపోకుండా ముందే బయటికి తీసుకోండి. పెట్టె మీరే మోసుకోగలిగితే మీతోనే ఉంచుకుని ముందు వరసలో దిగిపోవచ్చు, ఒక్కరికి ఇదే హాయి.

పొద్దున ఓడ రేవులో ఆగినంత మాత్రాన వెంటనే దిగనివ్వరు, తనిఖీలు ఉంటాయి. హైదరాబాద్ విమానం మధ్యాహ్నం రెండు తర్వాతది తీసుకోండి. అర్ధరాత్రి శంషాబాద్‌లో దిగేలా ఉంటే క్యాబ్ కోసం తిప్పలు పడకుండా, మీ వైపు వచ్చే పుష్పక్ బస్సు టైములు ముందే రాసి పెట్టుకోండి.